సొంత పట్టిక

తెరమీద వరసగా పడుతున్న ఆ పిచ్చి గీతలు, కొక్కేలు, సగం విరిగిన సున్నాలు తన తండ్రి మాటలేనని హైమవతి నమ్మబట్టి డెబ్బై తొమ్మిది రోజులైంది. ఇప్పుడు అలా నమ్ముతున్నది ఆమె ఒక్కతే. విశాఖపట్నంలోని నాడీ ప్రయోగశాల వాళ్ళు మొదటి నెల మనస్ఫూర్తిగా నమ్మారు, రెండో నెల మొహమాటానికి నమ్మారు, మూడో నెలకి ఆ మొహమాటం కూడా వదిలేశారు.

మార్కండేయులుకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కాలూ చెయ్యీ సరే, కనురెప్ప కూడా ఆయన మాట వినదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయని పరీక్షల్లో తేలింది. అలాంటివాళ్ళ కోసమే డాక్టర్ నీరజాక్షి ఒక వల తయారుచేసింది. తమలపాకంత వెడల్పు, ఉల్లిపొరంత పలుచన. దాన్ని మెదడు మీద పరిస్తే, చెయ్యి ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో కనిపెడుతుంది. చెయ్యి కదలక్కర్లేదు, కదపాలని మనిషి అనుకుంటే చాలు. ఫోనులో అక్షరాలు నొక్కుతున్నట్టు ఊహించుకోమని రోగికి చెబుతారు. వేలు వెళ్ళాలనుకున్న చోటుని వల ఒక అంకెగా పంపుతుంది, ఆ అంకెని కంప్యూటరు అక్షరంగా మారుస్తుంది. అలా అంతకుముందు పదకొండు మంది మాట్లాడారు. ఒకాయనైతే మొదటిరోజే కాఫీలో చక్కెర తక్కువైందని తగువు పెట్టుకున్నాడు.

పన్నెండో మనిషి మార్కండేయులు. ఆయన దగ్గర్నుంచి వచ్చింది ఈ చెత్త.

హైమవతికి యాభై ఏళ్ళు. తెనాలిలో మంచినీటి సరఫరా ఆఫీసులో పని. ఎక్కడెక్కడో ఉన్న పంపుల కంప్యూటర్లని కుర్చీలోంచి కదలకుండా నల్లటి కిటికీలో అక్షరాలు కొట్టి నడిపిస్తుంది. అందుకే ప్రయోగశాల యంత్రంలోకి ఇంటినుంచే వెళ్ళి చూసుకునేందుకు డాక్టరు ఆమెకి అనుమతి ఇచ్చింది. వార్డులో ఇంటివాళ్ళని ఉండనివ్వరు. ఆదివారం ఆదివారం తల్లి తిలోత్తమ బండెక్కి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని ఓ పూట కూర్చుని వస్తుంది. మిగతా ఆరు రోజులూ తల్లీకూతుళ్ళకి ఆ నల్లకిటికీయే దిక్కు.

కంప్యూటరుకి అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి ఉండాలి. ఆ పట్టిక తప్పితే అటువైపు భాగవతం చదువుతున్నా ఇటువైపు పడేది ఇవే కొక్కేలు. ఇది హైమవతికి కొత్త సంగతేమీ కాదు. ఆమె చదువుకునే రోజుల్లో ఒక షాపులో కొట్టించిన తెలుగు ఇంకో షాపులో తెరిస్తే ఇలాగే ఏడ్చేది. అందుకే ఆమె తన కిటికీలో పట్టికల జాబితా తీసి ఒక్కొక్కటే మార్చి చూసింది. ఇరవై మూడున్నాయి. అన్నీ అయిపోయాయి. రష్యావాళ్ళది కూడా వదల్లేదు పాపం.

బుధవారం పొద్దున డాక్టర్ నీరజాక్షి ఫోను చేసింది.

"హైమవతి గారూ, శుక్రవారం పదింటికి మా ప్రయోగాలు చూసే సంఘం కూర్చుంటుందండి. వల తీసేయమనే అంటారు. నేను కాదనలేను."

"ఇంకో నెల చూడకూడదా అండీ?"

"ఆ వల చదివే ప్రతి గంటా కింద ఉన్న కణాలు కొన్ని మాడిపోతాయి. మొత్తం మీద రెండొందల గంటల ఆయుష్షు. నూట ఎనభై తొమ్మిది ఖర్చయిపోయాయి. మిగిలింది పదకొండు గంటలు. ఆ పైన ఆయన ఊహలో కూడా చెయ్యి ఉండదు."

"ఆయనకి నొప్పేమన్నా..."

"లేదండీ. మెదడుకి నొప్పి తెలియదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి." డాక్టరు మెల్లిగా అంది. "చెయ్యి ఉంది, కానీ వెనక మాట లేదనిపిస్తోంది. ఉత్త కదలికలే. మీరు మనసు గట్టి చేసుకోవాలి."

మనసు గట్టి చేసుకోమని చెప్పేవాళ్ళకి ఎంత తేలికో అనుకుంది హైమవతి. ఫోను పెట్టేసి, ఆఫీసుకి సెలవు చెప్పి, మళ్ళీ కిటికీ ముందు కూర్చుంది.

పది దాటాక వార్డులో వల నడపడం మొదలైంది. ఏం చెయ్యాలో తోచక ఆమె ఆ పూట ఒక పని చేసింది. ప్రయోగశాలవాళ్ళు పెట్టిన వడపోత తీసేసింది. ఒకే గుర్తు వెంటవెంటనే వస్తే అది చేతి వణుకని లెక్కేసి ఆ వడపోత పారేస్తుంది. ఇప్పుడు వణుకుతో సహా అన్నీ రావడం మొదలెట్టాయి.

ఒక కొక్కెం. ఒక సున్నా. ఒక గీత. ఒకటి తర్వాత ఒకటి, తొందరా లేదు, ఆలస్యమూ లేదు. అలా ముప్పై దాకా వచ్చాక కాస్త ఆగింది. తర్వాత ఒకే చుక్క, టకటకమని నాలుగుసార్లు. మళ్ళీ ఆగింది, ఈసారి కొంచెం ఎక్కువసేపు. ఆ తర్వాత మళ్ళీ కొక్కెం, సున్నా, గీత. ఈసారి చివర అదే చుక్క రెండుసార్లు. మళ్ళీ అదే ఆగడం.

హైమవతి వెన్ను నిటారైంది. ఈ నడక ఆమెకి తెలుసు. ఏడేళ్ళ పిల్లగా కాగితాల కట్ట మీద కూర్చుని గంటలు గంటలు చూసింది.

గంగానమ్మపేట సందులో భ్రమరాంబా ముద్రాక్షరశాల. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కిరసనాయిలు, సిరా కలిసిన వాసన. గోడవారగా వాలుబల్లల మీద కేసులు. కేసంటే గళ్ళ పెట్టె, గడికో సీసపు అక్షరం. నాన్న వాటి ముందు నిలబడేవాడు. ఎడమచేతిలో లైను కూర్చే ఇనప స్టిక్కు. కుడిచెయ్యి చూడకుండానే గళ్ళలోకి వెళ్ళేది, అక్షరం తెచ్చేది, స్టిక్కులో పెట్టేది. కళ్ళేమో కాగితం మీద. లైను నిండటానికి కాస్త తక్కువైతే ఉత్త సీసం ముక్కలు నాలుగు తెచ్చి మాటల మధ్య దూర్చేవాడు. అప్పుడు బొటనవేలితో లైనుని ఓసారి నొక్కి చూసేవాడు, బిగిసిందా లేదా అని. బిగిసిందంటే చాలు, ఆ మొహం చూడాలి. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు సీసం దోషం పోవాలని పనివాళ్ళందరికీ బెల్లంముక్క పెట్టేవాళ్ళు. నాన్న తన ముక్క కొరికి సగం ఆమె చేతిలో పెట్టేవాడు. ఆ తీపిలో కూడా కిరసనాయిలు వాసనే. 

"అమ్మా!" అని కేక పెట్టింది. "అమ్మా, ఇట్రా! నాన్న లైను బిగిస్తన్నాడు!"

తిలోత్తమ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చింది. డెబ్బై మూడేళ్ళ మనిషి. మోకాళ్ళు పోయాయి గాని చేతులు చురుకే. ఆమె కూడా ఆ ప్రెస్సులోనే పనిచేసింది, పద్నాలుగేళ్ళు. మొగుడు కూర్చిన పేజీ అచ్చయ్యాక, ఆ సీసపు అక్షరాలన్నీ విడదీసి మళ్ళీ ఎవరి గడిలో వాళ్ళని వెయ్యడం ఆమె పని.

"చూడు. వస్తందా, వస్తందా, ఆగిందా? ఇప్పుడు చుక్కలు చూడు. ముక్కలు దూరుస్తన్నాడు. ఇప్పుడు ఆగాడా? బొటనవేలితో నొక్కుతున్నాడే!"

తిలోత్తమ తెర వైపు చూసింది. రెండు లైన్లు, మూడు లైన్లు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనే," అంది. "ఇంకెవరు ఆయనలా నొక్కుతారు!"

ఫోను ముట్టుకోవడమంటేనే చిరాకుపడే మనిషిని ఫోను నొక్కుతున్నట్టు ఊహించుకోమంటే ఆయన ఏం చేస్తాడు? తనకి తెలిసిన చోటికి చెయ్యి పంపించాడు. అక్షరం కావాలంటే ఆయన చెయ్యి ఇరవై నాలుగేళ్ళు ఎక్కడికి వెళ్ళిందో ఇప్పుడూ అక్కడికే వెళ్ళింది. వల పంపుతున్న ప్రతి అంకె ఒక గడి. ఆయన పట్టిక ఆ గళ్ళ పెట్టె.

హైమవతి గబగబా వెతికింది. సీసపు అక్షరాలు పోతపోసే పాత ఫౌండ్రీ ఒకదాని కేటలాగు బొమ్మలు దొరికాయి. ఏ గడిలో ఏ అక్షరమో అందులో ఉంది. దాన్నిబట్టి పట్టిక రాసి, జాబితా చివరున్న 'సొంత పట్టిక' అనే చోట ఎక్కించింది. కొక్కేలు పోయి తెలుగు అక్షరాలు పడ్డాయి. సంతోషం నిమిషం కూడా నిలవలేదు. 'ఘూడైతఱు ఞొ' అని మొదలైంది మొదటి లైను.

తిలోత్తమ ఆ బొమ్మ చూసి మూతి తిప్పింది. "ఇదేం కేసే, మాది ఇట్టా ఉండదు. ఏ ప్రెస్సు కేసు దానిదే. మీ నాన్న ఎక్కువ వాడేవన్నీ పొట్టకి దగ్గరగా పెట్టుకున్నాడు. అవతలోడెవడన్నా వచ్చి మా కేసు ముందు నిలబడితే రోజంతా ఒక్క పేజీ దిగేది కాదు."

"అయితే చెప్పమ్మా. క ఎక్కడుండేది?"

తిలోత్తమ కళ్ళు మూసుకుంది. తెరిచింది. "క... ఎడంపక్కనా? కాదు, ఉండుండు..." ఆమె మొహం పాలిపోయింది. "నోటితో అడిగితే నాకేం తెలుసే? నేనెప్పుడన్నా నోటితో వేశానా!"

అదీ నిజమే. హైమవతి కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, సుద్దముక్క తెచ్చింది. మంచం గోడకి జరిపి, అమ్మ చెప్పిన కొలతకి నేలమీద గళ్ళు గీసింది. కేసు ఎంత వెడల్పు, ఎన్ని వరసలు, మధ్య చెక్క ఎక్కడ, ఇవన్నీ తిలోత్తమ తడుముకోకుండా చెప్పింది. హైమవతి సీసపు అక్షరాలకి బదులుగా వంటింట్లో డబ్బాలోని చింతపిక్కలు తెచ్చి తల్లి ఒళ్ళో పోసింది. తర్వాత తన చిన్నప్పటి తెలుగు వాచకమేదో తీసి ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టింది.

"ఆలోచించమాక. అక్షరం చేతికొచ్చిందనుకుని వేసెయ్."

మొదటి పది పిక్కలూ తిలోత్తమ చెయ్యి గాల్లో తచ్చాడింది. పదకొండోది పడింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. కూతురు 'త' అనేసరికి పిక్క గడిలో ఉంటోంది. వత్తులు దూరంగా, గుణింతాలు వారగా, సున్న దగ్గరగా. మధ్యలో తను ఏం చేస్తోందో చూసుకోవడానికి ప్రయత్నించినప్పుడు మాత్రం తప్పేది. అలాంటప్పుడు తల పక్కకి తిప్పేసుకునేది. భోజనం వేళ దాటింది. ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు. ఎప్పుడు మొదలైందో గాని తిలోత్తమ సన్నగా కూనిరాగం తీస్తోంది, ప్రెస్సులో తీసినట్టే.

గురువారం మధ్యాహ్నానికి పట్టిక తయారైంది. రెండొందల పైచిలుకు గళ్ళు. హైమవతి దాన్ని ఎక్కించి, మొదటిరోజునుంచి వడపోయకుండా దాచిన అంకెల ఫైలు తెరిచింది. వేలు మీట మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడూ చెత్తే వస్తే ఇక నమ్మడానికి ఏమీ మిగలదు.

నొక్కింది.

'డాక్టరు గారికి నమస్కారం. చెయ్యి మండుతోంది.'

తల్లీకూతుళ్ళిద్దరూ పైకే చదివారు. రెండో లైను వచ్చింది. 'మీ యంత్రం పెట్టినప్పుడల్లా అరచెయ్యి నిప్పుల మీద పెట్టినట్టుంది. దయచేసి ఆపండి.' మూడోది 'ఆపండి.' రెండోరోజు 'ఆపండి.' మూడోరోజు, నాలుగోరోజు అదే మాట, లైను నిండేలా ముక్కలు దూర్చి, బొటనవేలితో నొక్కి బిగించి మరీ. తొమ్మిదోరోజు చివర 'ఎవరూ చదవడం లేదు' అని ఉంది.

హైమవతికి డాక్టరు మాట గుర్తొచ్చింది. మెదడుకి నొప్పి తెలియదన్న మాట నిజమే కావచ్చు. చేతికి తెలిసింది. లేని కదలికలో ఆ చెయ్యి కాలింది, రోజుకి రెండు గంటలకు పైగా. నాన్న మాట వినాలని తాను రోజూ ఈ కిటికీ ముందు ఆశగా కూర్చున్న ప్రతి గంటా ఆయన కాలుతూనే ఉన్నాడు. ఇంకో నెల చూడమని అడిగింది కూడా తనే.

"ఇంకా ఉంది, కిందకి జరుపు," అంది తిలోత్తమ. 

పదోరోజు నుంచి ఆయన డాక్టరుకి రాయడం మానేశాడు.

'తిలోత్తమా, ఇవాళ కనకాంబరాలు బాగున్నాయి. తలెత్తకు, ఓనరు చూస్తున్నాడు.'

హైమవతి తల్లి వైపు చూసింది. తిలోత్తమ చెవుల దాకా ఎర్రబడింది, డెబ్బై మూడేళ్ళ వయసులో.

"ఏందమ్మా ఇది?"

"ఏముందే," అంది తిలోత్తమ, నవ్వో ఏడుపో తెలియకుండా. "ప్రెస్సులో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటే ఓనరు గారికి గిట్టేది కాదు. అందుకని ఆయన పేజీ అడుగున నాకో లైను కూర్చి పెట్టేవాడు. అది అచ్చుకి పోదు. విడదియ్యడానికి నా దగ్గరకొస్తది. సీసంలో తిరగేసి చదువుకునేదాన్ని. సాయంత్రం రెండో ఆటకి పోదామనో, కూర బాగుందనో, ఏదో ఒకటి."

"పద్నాలుగేళ్ళూనా? నాకెప్పుడూ చెప్పలేదే! అవన్నీ ఏమైనాయి?"

"ఏమవుతాయి? చదివి, అక్షరాలు ఎవరి గడిలో వాళ్ళని వేసేదాన్ని. మర్నాడు పనికి అక్షరాలు కావద్దూ?"

ఫైలు జరుగుతూ ఉంది. డెబ్బై రోజుల లైన్లు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, కలిసిపోయి. 'వాన పడి అచ్చు కాగితాలు తడిసిన రోజు నువ్వు నవ్వావు, ఓనరు తిట్టినా నాకేం అనిపించలేదు.' 'ఇక్కడ నర్సు మంచిది, సొంత కూతురిలా మాట్లాడుతుంది.' 'హైమ గొంతు ఫోనులో విన్నాను, సన్నబడింది, తిండి సరిగా తినమను.' 'నిన్న ఆదివారం. నువ్వు చెయ్యి పట్టుకున్నావు. యంత్రం నడుస్తున్నా ఆ పూట మండలేదు.'

ఈ చివరి లైను ప్రతి సోమవారమూ ఉంది.

హైమవతి డాక్టరుకి ఫోను చేసి, మొదటి తొమ్మిది రోజులవీ ఒక్కో లైనే చదివి వినిపించింది. 

"రోజూ నేనే మీట వేశానండీ," అంది నీరజాక్షి. "నా చేత్తోనే. మిగతా పదకొండు మందినీ ఇప్పుడే అడుగుతాను. మాట వచ్చిందన్న సంతోషంలో చెయ్యి మండుతోందా అని మేమెవరం అడగలేదు. ఇప్పుడు మీరెలా అంటే అలా. వల నడుస్తోంది, ఆయన వింటున్నారు."

ఫోనుని మంచం పక్కనున్న స్పీకరుకి కలిపింది. 

"నాన్నా, నేను హైమని. నువ్వు కూర్చేదంతా ఇప్పుడు చదవగలుగుతున్నాం."

నల్లకిటికీ ఖాళీగా ఉంది.  తర్వాత అక్షరాలు మెల్లిగా పడ్డాయి.

'కేసు ఎవరు సర్దారు'

"అమ్మ."

'అయితే తప్పులుండవు'

హైమవతి ఏడుస్తూనే నవ్వింది. ఇంకా ఏడెనిమిది గంటలుంది. ఏడెనిమిది గంటల నాన్న. తాతల కబుర్లు, ఆయన చిన్నతనం, ఎన్నడూ అడగనివన్నీ అడగొచ్చు. కొద్దికొద్దిగా వాడుకుంటే నెల రోజులు వస్తాయి. ఎంత ఆశ అంటే, తర్వాతి ప్రశ్న అడగడానికి ఆమెకి నోరు రాలేదు. కానీ అడిగింది.

"నాన్నా, ఇప్పుడు కూడా మండుతోందా?"

'మండుతోంది'

"ఆపేయమంటావా? ఆపితే వల తీసేస్తారు, మళ్ళీ మాట్లాడటం కుదరదు నాన్నా. ఎప్పటికీ."

 తిలోత్తమ కుర్చీ దగ్గరకి లాక్కుని ఫోను వైపు వంగింది.

"ఏమండీ, నేను. అన్నీ చదివానండీ."

'అన్నీనా'

"అన్నీ. వాన రోజుది కూడా."

కాస్త ఆగింది. ముక్కలు దూర్చాడు. నొక్కి చూసుకున్నాడు.

'అయితే వేసెయ్'

తిలోత్తమ కూతురి వైపు చూసి తల ఊపింది. హైమవతి డాక్టరుతో ఒక్క మాట అంది. అవతల మీట పడిన చప్పుడు వినిపించింది. తెరమీద తెల్లటి గుర్తు ఒక్కటి కొట్టుకుంటూ నిలిచిపోయింది, దాని వెనక ఎవరూ లేరు.

ఫైలు మిగిలింది. మొదటి తొమ్మిది రోజుల లైన్లూ, పట్టికతో సహా, హైమవతి ప్రయోగశాలకి వదిలేసింది. అవి అక్కడ ఉండాలి, చదవాలి, ఇంకెవరి చెయ్యీ అలా కాలకూడదు. పదోరోజు నుంచి ఉన్నవి తెరమీద పెట్టి తల్లిని అడిగింది.

"ఇవి దాచుకుందామా అమ్మా?"

"వేసెయ్యమన్నాడుగా."

"ఇక్కడ అక్షరాలకి కొరతేం లేదు, ఉంచుకోవచ్చు."

"కొరత కోసం కాదే. చదివాకే గదా వేసేది. వేస్తేనే ఆయనకి చదివానని తెలిసేది." తిలోత్తమ లైన్లన్నీ ఇంకోసారి పైనుంచి కిందదాకా చదివింది, పెదాలు కదుపుతూ. ఆఖరి లైను అయ్యాక అంది, "ఊఁ, ఇప్పుడు."

హైమవతి చెరిపేసింది. 

తిలోత్తమ మోకాళ్ళు పట్టుకుని లేచింది. గోడ గడియారం వైపు చూసింది.

"అయిదింటికి విశాఖ బండుందేమో చూడు. ఆయన్ని ఇంటికి తెచ్చుకుందాం. ఆదివారం దాకా నేనాగలేను, ఆ చెయ్యి పట్టుకోవాలి."